కాశి కూర్చున్న రెండు గంటలు

6 జూలై 1981, సోమవారం

మూడో తరగతి చెప్పే బాబురావు సారు ఈ రోజు మా అక్క కూతురు కాశమ్మ జడ రిబ్బన్లు రెండూ కిటికీ ఊచకు కట్టేశాడు. ఎనిమిదేళ్ల పిల్ల. లేవబోతే జుట్టు గుంజుకుంటుంది, గుంజుకుంటే కూర్చుంటుంది. అదీ ఆయన పాఠం చెప్పే పద్ధతి. మధ్యాహ్నం నుంచి ఇంటి బెల్లు దాకా అట్లాగే ఉందట. జరగలేదని రేపు ఎవరూ అనకుండా రాసి పెడుతున్నాను.

సాయంత్రం అక్క తల దువ్వుతుంటే చెవి వెనక కమిలి కనిపించింది. నీలమ్మ అక్క అన్న మాట కూడా రాస్తాను. "ఒక్క తాన కూసోదు గద తమ్మీ, సారు మాత్రం ఏం జేస్తడు?" కన్నతల్లి అనే మాటేనా అది! కాశి మాత్రం దువ్వెన కిందినుంచి రెండుసార్లు లేచిపోయి గోడ మీద పిల్లిని చూసి వచ్చింది.

అణిగి ఉండడం ఇంట్లోనే నేర్పుతారని చదివాను. ఇప్పుడు కళ్లారా చూశాను.

7 జూలై

అక్షరాలు పేర్చే పనికి ప్రెస్‌కు పోకుండా బడికి పోయాను. బల్ల మీదున్న బెత్తం తీసుకుని మోకాలికేసి విరిచి, రెండు ముక్కలూ బాబురావు సారు ముందు పెట్టాను. నాకు కోపం రాలేదు. గట్టిగా మాట్లాడాను, అంతే.

"ఎవలయ్యా నువ్వు?"

"సదాశివ. కాశమ్మ మేనమామను. పిల్లలు పశువులనుకున్నారా కట్టేయడానికి?"

ఆయన గొంతు లేపలేదు. అదే నన్ను మరీ మండించింది. "మామవా? మంచిగైంది, నువ్వే ఇను. క్వార్టర్లీ దాక చూస్త. ఒక్క పరీక్షన్న కూసోని రాస్తె ఉంటది. లేకుంటె పేరు కొట్టేస్త. యాభై ఎనిమిది మందిని ఒక్క పిల్ల కోసం ఇడ్వలేను."

తరగతి అంతా నోళ్లు తెరిచి చూస్తోంది. కాశి లేచి వచ్చి, రెండు బెత్తం ముక్కల్లో ఏది పొడుగో పక్కపక్కన పెట్టి చూసుకుంటోంది.

8 జూలై

పేరు కొట్టేస్తే లాడ్‌బజార్‌లో గాజులకు రాళ్లు అంటించే పనిలో పెడుతుందట అక్క. "మా ఆడబిడ్డ కండ్ల ముందట ఉంటది. ఇంట్ల ఉంటె రోడ్డు మీద పడ్తది. దానికంటె గదే నయ్యం." ఖాయం చేసుకున్న గొంతు.

కొండల్ బావ డ్యూటీ దిగి వచ్చి కండక్టరు సంచి మేకుకు తగిలిస్తూ, "బెత్తం ఇరగ్గొట్టినవంట బామ్మర్దీ. షాబాష్. మరి పిల్లకు ఎక్కాలు ఎట్లొస్తయ్, గది గూడ చెప్పు" అన్నాడు.

చెప్తాను. క్వార్టర్లీ సెప్టెంబరు 21న.

11 జూలై

ఎక్కడో ఉందనుకున్న మందు నా చేతుల కిందే ఉంది! నాలుగు రోజులుగా నేను కంపోజు చేస్తున్న పుస్తకం పెద్ద దవాఖాన పిల్లల వార్డు వాళ్లది. పదహారు పేజీలు. కంపోజిటరు చేతికి అక్షరాలు తగులుతాయి తప్ప సంగతి తగలదు. అందులోనూ తిరగేసిన అక్షరాలు. ఈ రోజు ప్రూఫు తీసి చదువుతుంటే ఐదో పేజీలో మా కాశి కనిపించింది. కుదురుగా కూర్చోదు, చెప్పింది సగం విని లేస్తుంది, తన వంతు దాకా ఆగదు, వస్తువులు పారేసుకుంటుంది. ఇది పొగరూ కాదు, గాలి సోకడమూ కాదట. డాక్టర్లు హైపర్‌కైనెటిక్ అంటారట. కొట్టి మాన్పలేరట, అలవాటు చేసి మార్చవచ్చట.

ఒకేసారి ఒక పనే చెప్పాలి. ఐదు నిమిషాల పని. చేసిన మరుక్షణం గుర్తుగా ఏదైనా ఇవ్వాలి. అవి పోగైతే పిల్ల ఇష్టపడేది చేయాలి.

మొదటి ఫారం, ఎనిమిది పేజీలు, ఇంటికి తెచ్చుకున్నాను. రెండో ఫారం రాతప్రతి ఇంకా రాలేదు. ఫరవాలేదు, అసలు సంగతి ముందే ఉంటుంది. వెనక పేజీల్లో ఎప్పుడూ నీతులే.

12 జూలై, ఆదివారం

పథకం కాగితం మీద పెద్దక్షరాలతో రాసి గోడకు అంటించాను. ఐదు నిమిషాలు కూర్చుని ఒక లెక్క చేస్తే ఒక బస్సు టికెట్. వాడేసిన టికెట్లు బావ సంచి అడుగున బోలెడుంటాయి. పది టికెట్లయితే బావ బస్సులో చార్మినార్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా, మళ్లీ వెనక్కి, తలుపు పక్క సీట్లో.

"నిజంగనా మామా? ఖిడికీ దిక్కు?" అంది కాశి.

"నిజంగా."

"రైట్ రైట్ నేనే అంట?"

"అను."

మా గల్లీలో ఇట్లాంటి పని ఇంతవరకూ ఎవరూ చేయలేదు.

13 జూలై

ఐదు నిమిషాలు. ఒక టికెట్.

14 జూలై

రెండుసార్లు. రెండు టికెట్లు. శాస్త్రం శాస్త్రమే.

15 జూలై

సున్నా. గట్టిగా మాట్లాడాను.

19 జూలై, ఆదివారం

నిన్నటికి పదయ్యాయి. బస్సెక్కించాను. ప్రతి స్టాపు పేరూ బావ కంటే ముందే అరిచింది. పాన్ నములుతున్న ఒక పెద్దమనిషి, "కండక్టర్ సాబ్, ఇస్‌కోచ్ నౌకరీ దే దో" అని ఉద్యోగం ఈ పిల్లకే ఇచ్చేయమంటే బస్సంతా నవ్వింది. కాశి సీట్లో మూడు నిమిషాలకు మించి కూర్చోలేదు కానీ, అది పథకంలో లేదు కాబట్టి నేనేమీ అనలేదు.

23 జూలై

మోసం. ఎనిమిదేళ్లకే!

ప్రెస్ నుంచి వచ్చేసరికి చాప మీద డెబ్బై టికెట్లకు పైనే పరిచి ఉన్నాయి. బస్టాపు దగ్గర నేల మీద నుంచి ఏరుకొచ్చిందట. నన్ను చూడగానే మొహం ఇంత చేసుకుని, "మామా, ఏడుసార్లు బస్సు!" అంది. నేను నమ్మకం మీద నడిపిన పని ఇది. కష్టం లేకుండా ఫలితం తినేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుందని ఇంట్లో అందరికీ తెలుసు. అన్నీ గుప్పిట పట్టి చింపేశాను. వారంలో సంపాదించిన అసలువి ఆరుంటే అవి కూడా తీసేసుకున్నాను. బుద్ధి రావాలి కదా.

కోపంతో కాదు. క్రమశిక్షణ.

అక్క ఏదో చెప్పబోయింది. వినేంత తీరిక లేకపోయింది.

26 జూలై

బోనాలు. గల్లీ అంతా డప్పులు. కాశి నాతో మాట్లాడలేదు.

28 జూలై

సున్నా.

29 జూలై

సున్నా. పలక తీసుకురమ్మంటే తెచ్చింది. కూర్చోమంటే గుమ్మంలో నిలబడింది. టికెట్ చూపిస్తే, "నాకొద్దు, నువ్వు మల్ల గుంజుకుంటవ్" అంది.

అందరు పిల్లలకూ ఈ పద్ధతి పనిచేయదేమో. పుస్తకం రాసినవాళ్లు మా కాశిని చూసి ఉండరు.

4 ఆగస్టు

రెండో ఫారం ప్రూఫులు దవాఖానకు ఇచ్చి రమ్మన్నాడు ప్రెస్ యజమాని. అక్కనూ కాశినీ వెంట తీసుకుపోయాను. పుస్తకం రాసినామె రాహేలు మేడం. చెప్పులు బల్ల కింద విడిచేసి, ఒక కాలు మడిచి కుర్చీలో కూర్చుని ఉంది. నేను ఇంకేదో అనుకున్నాను.

కాశి గదంతా తిరిగింది. బల్ల సొరుగు లాగింది. రాహేలు మేడం సొరుగు వైపు చూడలేదు. పిల్ల తనంతట తాను సొరుగు మూసినప్పుడు మాత్రం, "మంచిగ మూసినవ్ బిడ్డా" అంది. కాశి ఆగి ఆమె మొహంలోకి చూసింది. మళ్లీ తిరిగింది.

నేను మొత్తం చెప్పాను, మోసంతో సహా. ఆమె ప్రూఫు నా ముందుకు జరిపింది.

"గీ రెండో ఫారం చదివినవా తమ్ముడూ?"

"నేనే కంపోజు చేశాను."

"చదివినవా అంటున్న."

పదకొండో పేజీ మీద వేలు పెట్టింది. బిడ్డ సంపాదించుకున్న గుర్తును ఏ కారణంతోనూ వెనక్కి తీసుకోవద్దు. నా చేత్తో పేర్చిన వాక్యం.

"సరే, అది నా పొరపాటు. కానీ రోడ్డు మీద ఏరుకురావడం?"

"పిల్లకు పైకం ఇచ్చినవ్, గదే పైకం రోడ్డంత పరిసి ఉండె. నువ్వైతె ఏరుకోవా?" అని నవ్వింది. తర్వాత అక్క వైపు తిరిగింది. "అమ్మా, డెబ్బై టికెట్లు ఏరెతందుకు, పరిసెతందుకు ఎంత సేపు పట్టింది?"

"ఏరుడు నేను సూడలె. పరుసుడైతె..." అక్క నన్ను చూసి ఆగి, మళ్లీ చెప్పింది. "బడికెల్లి వచ్చి ఐదు గంటలకు కూసుంది మేడం. తమ్ముడొచ్చెటాల్లకు ఏడైంది. నెంబర్ల వారిగ పేర్చుకుంట పోయింది. చిన్న నెంబరు కాంచి పెద్ద నెంబరు దాక. నీళ్లు తాగుతవా అంటె గూడ లేవలె."

నేను అక్క వైపు తిరిగాను.

"రెండు గంటలా? నాకెందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు చెప్పనిచ్చినవా?"

రాహేలు మేడం ఒక అట్టముక్క తీసి గీతలు గీసి కాశి చేతికిచ్చింది. నా చేతికి కాదు. "బిడ్డా, గిది నీ మామ కార్డు. దినాం మామ ఎన్నిసార్లు గట్టిగ ఒర్లుతడో గన్ని గీతలు పెట్టు. వచ్చే మంగళారం నాకు తెచ్చి చూపియ్యాలె."

"మేడం, వైద్యం నాకా, పిల్లకా?"

"ముందుగాల పెద్దోళ్లకే తమ్ముడూ. నీ కోపం దిగితె పిల్ల నీకు అందుతది."

ఈ మేడం మంచిదే, కానీ మనుషుల్ని చూసీ చూడగానే తీర్పు చెప్పేస్తుంది.

5 ఆగస్టు

కాశి లెక్క ఏడు. నా లెక్క రెండు. పిల్లకు లెక్కలు రావు, అదే కదా గొడవంతా.

6 ఆగస్టు

కాశి లెక్క ఆరు. నా లెక్క రెండు. బావను అడిగితే, "నా ముంగటనే నాలుగు" అన్నాడు.

7 ఆగస్టు

ఆరు. నాది కూడా ఆరు.

9 ఆగస్టు, ఆదివారం

ప్రెస్‌లో అంచులకు వాడే పువ్వు అచ్చు ఒకటుంది. చిన్న కార్డులు కత్తిరించుకుని, కాశి ఒక లెక్క చేయగానే ఆ పువ్వును సిరాలో అద్ది కార్డు మీద వేస్తున్నాను. ఇది ఏ రోడ్డు మీదా దొరకదు. గుంజుకున్న ఆరు టికెట్లకు ముందుగానే ఆరు పువ్వులు వేసి ఇచ్చాను. కాశి కార్డు వెలుతురుకు పెట్టి చూసుకుంది.

టికెట్లు మళ్లీ ఏరుకొచ్చాం, ఈసారి ఇద్దరం కలిసి. బహుమతికి కాదు, లెక్కలకు. రెండు టికెట్లు ముందు పెట్టి ఏ నెంబరు పెద్దదంటే రెప్ప వేసేలోగా చెప్తోంది. ఒకట్లూ పదులూ వందలూ ఆ పిల్లకు ముందే తెలుసు. పలక మీద అడిగినప్పుడే తెలియవు.

ముప్పావు గంట. మధ్యలో నాలుగుసార్లు లేచింది, నాలుగుసార్లూ వచ్చింది. నా గీతలు మూడు.

11 ఆగస్టు

మంగళవారం, దవాఖాన. బడిలో ఆరు గంటలుంటుంది, నీ దగ్గర ఒక గంట, ఆ సారుతో కలవకుండా ఏమవుతుంది అంది రాహేలు మేడం. క్షమాపణ అడగమని చెప్పలేదు. "నువ్వు తెల్విగల్లోనివే" అని మాత్రం అంది.

రేపు పోతాను.

12 ఆగస్టు

వాన.

13 ఆగస్టు

ప్రెస్‌లో పెళ్లి కార్డుల తొందర.

14 ఆగస్టు

వాన లేదు. తొందరా లేదు. అసలు తప్పు చేసింది ఆయన. రిబ్బన్లు కట్టింది ఆయన. నేనెందుకు పోవాలి?

కాశి గీతలు పెడుతూ, "మామా, నీ లోపల ఒర్లితె గూడ లెక్కనా?" అని అడిగింది.

17 ఆగస్టు

పోయాను. ఇంటి బెల్లు కొట్టాక బాబురావు సారు ఒక్కడే ఉండి బల్లలు సర్దుతున్నాడు.

"మల్ల ఇరగ్గొట్ట వచ్చినవా? బెత్తం లేదు. ముక్కలు చాయ్ కాడ పొయ్యిల పెట్టిన."

"సారూ, పిల్లలందరి ముందూ అట్లా చేయకుండా ఉండాల్సింది. నాది తప్పే." ఇంటి దగ్గర తయారు చేసుకున్న మాటలు చాలా పెద్దవి. నోట్లోంచి వచ్చింది ఇంతే.

ఆయన బల్ల మీద కూర్చున్నాడు. "గా తలుపు చూడు. ఏం కనబడ్తుంది?"

తలుపు లేదు. చౌకట్టు ఉంది. అవతల రోడ్డు. సిటీ బస్సు పోతోంది.

"జూన్ల ఓ దినం నీ మేనగోడలు నా చేతిల కెల్లి తప్పించుకోని గా బస్సెంబడి ఉరికింది. డ్రైవర్ బ్రేక్ కొట్టిండు కాబట్టి ఇయ్యాల నువ్వూ నేనూ ముచ్చట పెడ్తున్నం. గప్పట్నుంచి బోర్డు మీద రాయాలన్నా నాకు ఈపు తిప్పుడు భయమే. రిబ్బన్లు కట్టుడు తప్పు. కట్టినప్పుడే ఎరికె నాకు. అయినా కట్టిన."

ముందే ఎందుకు చెప్పలేదని అడగబోయి ఊరుకున్నాను.

పుస్తకం ఇచ్చాను, రెండు ఫారాలూ కుట్టించి. ఆయన అక్కడికక్కడే కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు. నేను గంటసేపు నిలబడ్డాను. కూర్చోమని ఆయన అనలేదు, నేను అడగలేదు.

"యాభై ఎనిమిది మందిల గిదంత అయ్యే పనేనా?"

"ఒక్క వారం చూడండి సారూ. ముందు బల్ల మీద కూర్చోబెట్టండి. ఒకేసారి ఒక్క లెక్క ఇవ్వండి. అయ్యాక లేచే పని మీరే చెప్పండి. సుద్దముక్క తెమ్మనో, కుండలో నీళ్లు చూసి రమ్మనో. తిరిగొచ్చి కూర్చుంటే ఒక మాట."

"ఏం మాట?"

"మంచిగ కూసున్నవ్ బిడ్డా, అని."

"ముప్ఫై ఏండ్ల నౌకరీల గీ మాట ఎవలతోని అనలే నేను" అన్నాడు. నవ్వలేదు. కార్డూ పువ్వు అచ్చూ తీసుకున్నాడు.

18 ఆగస్టు

బడి కార్డులో ఒక్క పువ్వు. తలకిందులుగా వేశాడు.

22 ఆగస్టు

వారానికి పదకొండు పువ్వులు. నీళ్ల కుండ దగ్గరికి పోయి తిరిగొచ్చిందట, రోడ్డు వైపు చూసింది కానీ పోలేదట. ఈ మాట చెప్పడానికి సారు ప్రెస్ దాకా నడిచొచ్చాడు. సుద్దముక్కలు పంచడం కూడా కాశి పనేనట. "ఒక్కొక్కరికి ఇచ్చినంక మూతి ఇంత పెడ్తది, నేనే హెడ్మాస్టర్ అన్నట్టు."

నా గీతలు వారానికి తొమ్మిది.

27 ఆగస్టు

పాడు దినం. కాశి పక్కపిల్ల పలక పగలగొట్టింది, ఇంటికొచ్చి అన్నం కంచం తన్నింది. నేను అరిచాను. అరిచానని రాస్తున్నాను, గట్టిగా మాట్లాడానని కాదు. తర్వాత ఇద్దరం అరుగు మీద చెరో చివర కూర్చున్నాం. కాసేపటికి కార్డు తెచ్చి గీత పెట్టి, పెన్సిలు నా చేతికిచ్చింది.

"పలకకు నా గీత నువ్వు పెట్టు."

పిల్లకు గీతలు పెట్టమని పుస్తకంలో లేదు. పెట్టలేదు. రేపు ఆ పిల్లకు మన పలక ఇద్దామన్నాను. సరేనని పలక తుడిచి సంచిలో పెట్టింది.

5 సెప్టెంబరు

గణపతి మైకులు. ఎవరూ కూర్చోలేదు, నేను కూడా. ప్రెస్‌లో ఒక పేజీ పేర్చడానికి ఆరుసార్లు లేచాను. ఇంతకుముందు ఎప్పుడూ లెక్క పెట్టలేదు.

చిన్నప్పుడు నన్ను మూడు బడులు మార్చారు. ఎందుకో అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. అడిగితే అక్క, "ఇప్పుడెందుకు లే తమ్మీ" అంది.

20 సెప్టెంబరు, ఆదివారం

రేపు లెక్కల పరీక్ష. అక్క గాజుల సంగతి వారం రోజులుగా ఎత్తలేదు. ఆడబిడ్డ నిన్న వచ్చి అడిగితే, "జర ఆగు" అంది.

21 సెప్టెంబరు

ప్రెస్‌కు సెలవు పెట్టి బడి ఎదురుగా, రోడ్డు అవతల నిలబడ్డాను. చౌకట్టులోంచి కాశి వీపు కనిపిస్తోంది. గంటన్నర పరీక్ష. మొదటిసారి లేచింది, కుండ దాకా పోయింది, వచ్చింది. రెండోసారి సారు చేతికి సుద్దముక్క ఇచ్చి వచ్చింది. మూడోసారి లేచి చౌకట్టు దాకా వచ్చేసింది. నన్ను చూసింది. అదే క్షణాన బస్సు వచ్చి మా ఇద్దరి మధ్య ఆగింది. బావ బస్సు కూడా కాదు.

అరవలేదు. చెయ్యి కూడా ఊపలేదు. ఎంత కష్టమో ఎవరికి చెప్పను.

బస్సు కదిలి పోయేసరికి చౌకట్టు ఖాళీ. కాశి వీపు బల్ల మీద ఉంది.

నీడ కోసం కూడా జరగకుండా అక్కడే ఉన్నానని బెల్లు కొట్టాకే తెలిసింది.

24 సెప్టెంబరు

లెక్కల్లో వందకు నలభై ఒకటి. తెలుగులో ఇరవై రెండు. తెలుగు పరీక్షలో సగంలో లేచిపోయి మళ్లీ తన బల్ల దగ్గరికి రాలేదు. మిగతా సగం సారు హాజరు పట్టీ వెనక కప్పల బొమ్మలు వేసిందట.

బాబురావు సారు ప్రెస్‌కు వచ్చాడు. "ఒక్క పరీక్ష కూసోని రాస్తె చాలన్న. రాసింది. పేరు ఉంటది" అన్నాడు. తర్వాత కూడా పోలేదు. కంపోజింగ్ కేసుల మధ్య నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"నా తరగతిల గిసొంటోళ్లు ఇంకో నలుగురున్నరు సదాశివా. రెండో తరగతిల ముగ్గురు. ఆళ్ల అమ్మలకు నేను జెప్తె పంతులు తిడ్తుండనుకుంటరు. నువ్వు జెప్పు."

"నేనా? నాకేం తెలుసు సారూ?"

"తెల్వదని ఇప్పుడంటున్నవ్ గద. గందుకే."

అమ్మలందరినీ బడికి పిలుద్దామంటే రాహేలు మేడం ఆదివారం వస్తానంది.

26 సెప్టెంబరు

ఇంటింటికీ పంచడానికి కాగితం రాశాను. మొదటిది రెండు పేజీలు వచ్చింది, అందులో సమాజం నాలుగుసార్లు, అన్యాయం ఏడుసార్లు. సారు చదివి, "గిది ఇంటె నేనే రాను" అన్నాడు. చింపి మళ్లీ రాశాను. కాశి పక్కన కూర్చుని కాగితాలు దొంతి పెట్టింది. పొద్దున్నే వేస్తాం. వేసేది ఇది:

"అమ్మలారా, నాయనలారా. మీ బిడ్డ ఒక్క చోట కూర్చోదా? చెప్పింది వినకుండా లేచిపోతుందా? మీరు కొట్టి అలసిపోయారా? మేమూ అలసిపోయాం. మా ఇంట్లో కొంచెం మార్పు వచ్చింది. ఎట్లా వచ్చిందో, ఎక్కడ తప్పు చేశామో చెప్తాం, మీది వింటాం. దవాఖాన మేడం కూడా ఉంటారు. ఈ రోజే, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలకు, బడిలో మూడో తరగతి గది. పిల్లలను ఇంట్లో వదిలి రావద్దు, వెంట తీసుకురండి. మాట్లాడుతుంటే వాళ్లు లేచి తిరిగినా ఎవరూ ఏమీ అనరు. నాలుగు గంటలకు."